ప్రొద్దుటూరు సుబ్బమ్మ.. తెలుగు తెరకు అమ్మ! శాంతకుమారి ప్రయాణం ఇదీ

పులివెందుల, లింగాల వైపు సినిమా వాళ్ల గురించి మాట వస్తే ముందు గుర్తొచ్చేది సింహాద్రిపురం పద్మనాభం. కానీ పద్మనాభం పిల్లాడిగా ఉన్నప్పుడే ఇదే కడప జిల్లా నుంచి ఒక అమ్మాయి తెలుగులో హీరోయిన్ అయిపోయింది. ఆమె పేరు వెల్లాల సుబ్బమ్మ. ఈ పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. శాంతకుమారి అంటే మాత్రం పాత సినిమాలు చూసే ప్రతి ఇంట్లో గుర్తుపడతారు.

1920 మే 17న ప్రొద్దుటూరులో పుట్టారు సుబ్బమ్మ. తండ్రి శ్రీనివాసరావు నాటకాలు వేసేవారు. తల్లి పెద్ద నరసమ్మ శాస్త్రీయ సంగీతం పాడేవారు. ఇంట్లో నాటకం, పాట రెండూ ఉన్నాయి. సుబ్బమ్మ మొదట పట్టుకుంది పాటనే. మద్రాసు వెళ్లి ప్రొఫెసర్ సాంబమూర్తి దగ్గర కర్ణాటక సంగీతం, వయొలిన్ నేర్చుకున్నారు. చిన్న వయసులోనే పిల్లలకు సంగీతం చెప్పారు, రేడియోలో పాడారు.

సినిమా అవకాశం కూడా ఆ గొంతు వల్లే వచ్చింది. దర్శకుడు పి.వి.దాస్ ‘శశిరేఖా పరిణయం’ సినిమాకు శశిరేఖ కోసం వెతుకుతున్నారు. అప్పటికి ప్లేబ్యాక్ లేదు. ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి. ఈ అమ్మాయి సరిగ్గా సరిపోయింది. కానీ ఇంట్లో ససేమిరా అన్నారు. సినిమాల్లోకి వెళ్తే పిల్లకు పెళ్లెలా అవుతుందని పెద్దవాళ్ల భయం. సుబ్బమ్మ అన్నం మానేసి పంతం పట్టి మరీ ఒప్పించుకున్నారని చెబుతారు. 1936లో సినిమా వచ్చింది. సుబ్బమ్మ శాంతకుమారి అయ్యారు.

తర్వాతి ఏడాదే ఇంట్లోవాళ్ల భయం కూడా తీరిపోయింది. 1937లో ‘సారంగధర’లో నటించారు. ఆ సినిమా డైరెక్టర్ పి.పుల్లయ్యనే పెళ్లి చేసుకున్నారు. పెళ్లయ్యాక కూడా నటన మానలేదు. ‘ధర్మపత్ని’, ‘కృష్ణప్రేమ’, ‘మాయాలోకం’, ‘గుణసుందరి కథ’.. ఇలా వరసగా చేస్తూనే వచ్చారు.

అసలు మలుపు ఆ తర్వాతే. వయసు పెరిగేకొద్దీ హీరోయిన్ వేషాలు తగ్గుతాయి. చాలామంది అక్కడితో ఆగిపోతారు. శాంతకుమారి ఆగలేదు. 1945లో ‘మాయాలోకం’లో అక్కినేనితో కలిసి నటించిన ఆమె, పదేళ్లకు ‘అర్ధాంగి’లో ఆయనకే సవతి తల్లి అయ్యారు. సొంత కొడుకు జగ్గయ్యను గారాబం చేసి, సవతి కొడుకును అమాయకుడిగా వదిలేసే జమీందారిణి పాత్ర అది. మెత్తటి తల్లి వేషాలే కాదు, చూసేవాళ్లకు కోపం తెప్పించే తల్లి వేషం కూడా వేయగలనని నిరూపించారు.

‘శ్రీ వేంకటేశ్వర మహత్యం’ సంగతైతే మరీ విశేషం. ఈ కథను పుల్లయ్య రెండుసార్లు తీశారు. 1939లో తీసినప్పుడు శాంతకుమారి పద్మావతి. 1960లో ఎన్టీఆర్ వేంకటేశ్వరుడిగా మళ్లీ తీసినప్పుడు పద్మావతి సావిత్రి. శాంతకుమారేమో స్వామిని పెంచిన వకుళమాత! ఒకే కథలో, ఒకే దర్శకుడి చేతిలో, పెళ్లికూతురి నుంచి తల్లి వరకు వచ్చారన్నమాట. వకుళమాతగా తన పాట తనే పాడుకున్నారు. ఆ సినిమా ఆడిన హాళ్లలో స్వామి విగ్రహం పెడితే, జనం దండం పెట్టుకుని హుండీలో డబ్బులు వేసి లోపలికి వెళ్లేవారు.

ఆ సినిమా తీసిన బ్యానర్ కూడా వాళ్లదే. కూతురు పద్మ పేరు మీద పెట్టుకున్న పద్మశ్రీ పిక్చర్స్. ‘సిరిసంపదలు’, ‘మురళీకృష్ణ’ కూడా ఈ బ్యానర్‌లో వచ్చినవే. ఇండస్ట్రీలో ఈ దంపతులను మమ్మీ, డాడీ అనే పిలిచేవారు.

1971లో ‘ప్రేమ్‌నగర్’లో అక్కినేనికి తల్లిగా చేశారు. మరుసటి ఏడాది అదే కథ తమిళంలో ‘వసంత మాళిగై’గా వస్తే, అక్కడ శివాజీ గణేశన్‌కు తల్లి కూడా ఆమే.

2006 జనవరి 16న చెన్నైలో శాంతకుమారి కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు 85 ఏళ్లు. సినిమాల్లోకి వెళ్తే పెళ్లి కాదేమోనని ఇంట్లో బెంగపడిన అమ్మాయి, చివరికి తెలుగు సినిమాకే అమ్మ అయ్యారు. ఈసారి టీవీలో ‘శ్రీ వేంకటేశ్వర మహత్యం’ వస్తే వకుళమాతను కాస్త జాగ్రత్తగా గమనించండి. ఆ గొంతు మన ప్రొద్దుటూరుదే.