పలుచని తెరను కొలిచిన రామనాథన్ గారు

ప్రతి సంవత్సరమును ఫిబ్రవరి 28వ తేదీన మన పాఠశాలలలో జాతీయ విజ్ఞాన దినోత్సవము జరుపుచున్నాము. 1928లో ఆ దినమున సర్ సి. వి. రామన్ గారు తమ ప్రసిద్ధమైన కాంతిఫలమును కనుగొనిరి. అంతకు 35 ఏండ్లకు పూర్వము, 1893లో, అదే తేదీన పాలక్కాడు చెంతనున్న కల్పాత్తి యగ్రహారమున మరియొక మహనీయుడు జన్మించెను. విద్వల్లోకమున ఆయన పేరు మిక్కిలి ప్రసిద్ధము; మన విద్యార్థులు మాత్రము అంతగా ఎరుగరు. ఆ కల్పాత్తి రామకృష్ణ రామనాథన్ గారి చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆయన మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, తిరువనంతపురమున కొన్నియేండ్లు కళాశాలలో పనిచేసి, 1921లో కలకత్తా జేరి రామన్ గారి శిష్యులైరి. (రామన్ గారు బాల్యమున విశాఖపట్టణమున చదువుకొనినవారగుటచే వారిని మనవారనుకొనుట మన కలవాటు.) 1923లో రామనాథన్ గారు ద్రవములగుండ కాంతిని బంపి పరీక్షించుచుండగా, ఉండరాని మసకవెలుగొకటి కనబడెను. మలినములచే నట్లగుచున్నదని తలచి ద్రవమును మరల మరల శుద్ధిచేసిరి. వెలుగు పోలేదు. అది మలినము కాదనియు, క్రొత్త ప్రకృతిధర్మమనియు తేలుట కింకను ఐదేండ్లు పట్టెను. ఆలోగా, 1925లో, ఆయన వాతావరణశాఖలో ప్రవేశించిరి. గొప్ప కీర్తి చేతికందివచ్చి జారిపోయెనని కొందరందురు. మాకట్లు తోచదు. పోనని మొరాయించిన చిన్న గుర్తును దాచిపెట్టక లెక్కవ్రాసి యుంచిన ఆ గుణమే ఆయన శేషజీవితమునకు పెట్టుబడి యయ్యెను.

వాతావరణశాఖవారు ఆగ్రా మొదలగు చోట్ల పరికరములు గట్టిన బెలూనులను పైకి వదలుచుండిరి. దేశదేశముల లెక్కలను జేర్చి రామనాథన్ గారు 1929లో నేచర్ పత్రికయందొక పటము ప్రకటించిరి. భూమధ్యరేఖ కడ ఎండ మెండు గనుక అచ్చటి పైగాలియు వెచ్చగా నుండునని ఎవరికైనను తోచును. కాని 16, 17 కిలోమీటర్ల యెత్తున ధ్రువప్రాంతపు గాలికంటె భూమధ్యరేఖ మీది గాలియే చల్లనిది. సున్నకు దిగువ 80 డిగ్రీల వరకు దిగును.

ఆపైనే యున్నది ఓజోను. సూర్యుని అతినీలలోహిత కిరణములలో హానికరములైన వానిని ఇది యడ్డగించును. అవి నేలపై అధికముగా బడినచో కన్నులకు శుక్లములు, చర్మమునకు వ్రణములు, పైరులకు నష్టము కలుగును. ఇంతటి పనిచేయు ఓజోనునంతయు దింపి భూమట్టపు ఒత్తిడికి లోబరచినచో, దాని మందము సుమారు 3 మిల్లీమీటర్లు మాత్రమే! మన ఉష్ణదేశములపై అది సహజముగానే ఇంకను పలుచన. మన రెంటచింతల యెండలకు ఓజోను తరుగుటయే కారణమని కొందరు బాలురు వ్రాయుచున్నారు, అది పొరపాటు. వేడిమి వేరు, ఈ కిరణములు వేరు.

ఈ తెరను కొలుచుటకు ఇంగ్లాండున డాబ్సన్ గారు స్పెక్ట్రోఫోటోమీటరను యంత్రమును నిర్మించిరి. 1948లో అహమ్మదాబాదు భౌతిక పరిశోధనాలయమునకు ప్రథమ సంచాలకులైన రామనాథన్ గారు అచ్చటను, ఆబూ పర్వతముపైనను దానితో శిష్యులచే కొలిపించిరి. ప్రొద్దుగ్రుంకు వేళ, నడినెత్తి ఆకాశమునుండి వచ్చు రెండు విధముల కిరణముల బలమును అదేపనిగా పోల్చుచుండవలెను. ఆ నిష్పత్తి ఒకవైపు సాగి సాగి, ఒకచోట వెనుదిరుగును. ఆ తిరుగుడునుబట్టి ఏ యెత్తున ఎంత ఓజోను గలదో గణింతురు. మబ్బు పట్టెనా, ఆనాటి శ్రమ వృథా. దీనివలన ఎవరికేమి లాభమని ఆ దినములలో అడిగినచో, ఉత్తరము చెప్పుట కష్టమే. 1960లో అంతర్జాతీయ ఓజోను సంఘమునకు ఆయన అధ్యక్షులైరి. 1976లో పద్మవిభూషణ బిరుదము వచ్చెను.

ఇంతలో రిఫ్రిజిరేటరులందును, పిచికారీ డబ్బాలందును వాడు క్లోరోఫ్లోరోకార్బనులు పైకెగసి ఓజోనును హరించునని 1974లో మొలీనా, రోలండు గార్లు హెచ్చరించిరి. పలువురు నమ్మలేదు. 1984 డిసెంబరు 31న రామనాథన్ గారు పరమపదించిరి. 1985 మే నెలలో, దక్షిణధ్రువ ఖండమున హాలీ బే యందలి బ్రిటిషు శాస్త్రజ్ఞుల వార్త వెలువడెను: అక్టోబరు మాసపు ఓజోను 3 మిల్లీమీటర్లనుండి 2 మిల్లీమీటర్లకు తగ్గిపోయినది. వారు కొలిచినదియు డాబ్సన్ యంత్రముతోనే. 1957 నాటి అంతర్జాతీయ భూభౌతిక వత్సరపు కాలమునుండి విడువక వ్రాసిన లెక్కలు లేకున్న, తరిగినదని చెప్పుటకు ఆధారమే లేదు. ఆ వత్సరమునకు ఏర్పాట్లు సాగిన కాలమున అంతర్జాతీయ భూభౌతిక సమాఖ్యాధ్యక్షులు రామనాథన్ గారే. తాము కాపాడిన లెక్క ఎందులకు పనికివచ్చెనో చూచుటకు ఆయనకు అయిదు మాసములు చాలలేదు.

1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ నగరమున దేశములు ఒడంబడిక చేసికొనెను. 1992లో మన దేశము చేరెను. 2010 నాటికి ఆ వాయువుల తయారీ దాదాపు నిలిచినది. పాత రిఫ్రిజిరేటరును బాగుచేయువారు అందులోని వాయువును బజారు గాలిలోనికి వదలినచో మాత్రము నేటికిని హానియే. దక్షిణధ్రువముపై తెర 1980 నాటి స్థితికి వచ్చుట 2066 ప్రాంతమున నని 2022లో శాస్త్రజ్ఞులు గణించిరి. ఇప్పుడు మా తరగతులలో కూర్చున్న పిల్లలు అప్పటికి ఏబదియేండ్లు దాటియుందురు.