ఒకొయాంగ్ అరణ్యములో ఒక తల్లి: మేరీ స్లెస్సర్ జీవిత చరిత్ర

పశ్చిమ ఆఫ్రికా తీరమున, నేటి నైజీరియా దేశపు ఆగ్నేయ భాగమున, కాలబార్ అను రేవు పట్టణము గలదు. అనేక సంవత్సరములు ఆ రేవునుండి వేలకొలది నరులు బానిసలుగా ఓడలలో అమెరికా ఖండమునకు తరలింపబడిరి. ఆ వ్యాపారము అణగిన పిమ్మట పామాయిలు వ్యాపారము దాని స్థానమును ఆక్రమించెను. ఆ నూనెకు మారుగా ఐరోపా వర్తకులు తుపాకులను, సారాయిని ఇచ్చుచుండిరి. 1846లో స్కాట్లండు ప్రెస్బిటేరియనుల మిషను అచ్చట స్థాపింపబడెను. దానికి ప్రేరణ జమైకా దీవిలోని సంఘమునుండి వచ్చెను. బానిసత్వమునుండి విడుదల పొందిన అచ్చటి విశ్వాసులు తమ పితరుల దేశమునకు సువార్త చేరవలెనని ఆశించిరి. ఆ మిషను వార్తలను స్కాట్లండులో ఒక బీద నేతగత్తె తన బిడ్డలకు చదివి వినిపించుచుండెను. ఆ బిడ్డలలో ఒకతెయే మేరీ స్లెస్సర్.

మగ్గము ప్రక్కన

మేరీ 1848 డిసెంబరు 2వ తేదీన అబర్డీన్ నగరమున జన్మించెను. ఏడుగురు బిడ్డలలో ఆమె రెండవది. తండ్రి రాబర్టు పాదరక్షలు కుట్టువాడు. త్రాగుడు అతనిని పాడుచేసెను. బ్రదుకుతెరువు వెదకుచు ఆ కుటుంబము డండీ నగరమునకు చేరినను ఆ వ్యసనము అతనిని విడువలేదు. శనివారపు రాత్రులు ఆ యింట భయముతోనే గడచెడివి. తల్లియు కుమార్తెయు తాము తినక అతనికై దాచియుంచిన భోజనమును అతడు నిప్పులో పారవేయుటయు కలదు.

మేరీ పదునొకండవ యేట మిల్లులో ప్రవేశించెను. సగము దినము పని, సగము దినము బడి. పదునాల్గవ యేటికి ఆమె పూర్తికాలపు నేతపని చేయుచుండెను. ఉదయము 6 గంటలు మొదలు సాయంకాలము 6 గంటల వరకు మగ్గమే ఆమె లోకము. మగ్గముమీద పుస్తకము తెరచియుంచుకొని, దారము తెగని క్షణములలో ఒక్కొక్క పంక్తి చదువుకొనెడిది.

ఆ దినములలో ఒక వృద్ధురాలు ఆ వీధి పిల్లలకు నరకాగ్నిని గూర్చి చెప్పి వారిని భయపెట్టెను. ఆ భయమే మేరీని ప్రభువునొద్దకు నడిపించినది. అయినను ఆమె పెద్దదైన తరువాత ఇతరులను ఆ మార్గమున నడిపింపలేదు. దేవుని ప్రేమను చూపుటయే తన పద్ధతిగా చేసికొనెను.

డండీలోని మురికి వీధులలో జరిగిన మిషను బడిలో ఆమె బోధించుచుండగా ఒక అల్లరి మూక ఆమెను అడ్డగించెను. వారి నాయకుడు తాటికి కట్టిన సీసపు గుండును ఆమె తలచుట్టు త్రిప్పుచు అంతకంతకు దగ్గరకు తెచ్చెను. అది నుదుటికి రాచుకొనినను ఆమె కదలలేదు. ఆ బాలుడు గుండును క్రింద పడవేసెను. అతడును అతని జతగాండ్రును ఆమె వెంట కూటమునకు వచ్చిరి. ఇంతటి ధైర్యము చూపిన యువతి స్వభావమున పిరికిది. పురుషులున్న సభలో లేచి మాటలాడుటకు ఆమె వణకెడిది; ఆవులున్న పొలము దాటుటకు సహితము జంకెడిది. ఆమె ధైర్యము జన్మతో వచ్చినది కాదు. అవసరమైన గడియలలో ప్రార్థనవలన పొందినది.

కాలబార్ పిలుపు

1873లో డేవిడ్ లివింగ్‌స్టన్ ఆఫ్రికాలో మరణించెను. ఆ వార్త స్కాట్లండు యువజనులను కదిలించెను. మేరీ 1875లో మిషను బోర్డునకు దరఖాస్తు పంపెను. ఎడింబరోలో కొద్దికాలము తర్ఫీదు పొందిన పిమ్మట, 1876 ఆగస్టు 5వ తేదీన లివర్పూలు రేవున ఓడయెక్కెను. అప్పటికామె వయస్సు 27 ఏండ్లు.

ఎఫిక్ భాషను ఆమె త్వరితముగా నేర్చుకొనెను. అయితే మలేరియా జ్వరము ఆమెను పట్టుకొని తుదివరకు విడువలేదు. 1880లో తిరిగివచ్చిన పిమ్మట ఓల్డ్ టౌనులో మట్టి గోడల యింట కాపురముండి, ఆ దేశపు దుంపలను, పండ్లను భుజించి, తన జీతములో అధిక భాగము తల్లికిని చెల్లెండ్రకును పంపుచుండెను. ఆ తల్లియు జానీ అను చెల్లెలును 1886లో కొద్ది నెలల యెడమున కన్నుమూసిరి. ఇక స్వదేశమున తనకొరకు కనిపెట్టు గృహము లేకపోయెను. ఆ దుఃఖములో ఆమె ఒక నిశ్చయమునకు వచ్చెను. తనకొరకు చింతించువారు లేరు గనుక, ఇతరులు వెళ్లుటకు భయపడు స్థలమునకు తాను వెళ్లవచ్చును.

కవల పిల్లలు

ఆ ప్రాంతమున కవలలు పుట్టుట మహా శాపముగా ఎంచబడెడిది. ఇద్దరిలో ఒకరు దురాత్మ సంతానమని వారి నమ్మకము. ఎవరో తెలియదు గనుక ఇద్దరిని చంపి, మట్టి కుండలో పెట్టి అడవిలో పారవేయుదురు. తల్లి ఊరినుండి వెళ్లగొట్టబడును. క్రూరత్వమువలననే గాక భయమువలన వారు ఇట్లు చేయుచున్నారని మేరీ గ్రహించెను. కాబట్టి ఆమె వాదములతో తృప్తిపడక, ఆ శిశువులను ఎత్తుకొని తన యింట పెంచెను. కవలలు పెరిగి మంచివారగుట కన్నులార చూచిననే గాని ఆ భయము తొలగదని ఆమె యెరుగును. అట్లు పెరిగినవారిలో ఒక బాలికకు తన చెల్లెలి పేరే పెట్టెను. ఆ జానీ ఆమెకు జీవితాంతము కుమార్తెగా నిలిచెను.

ఒకొయాంగ్ ప్రవేశము

కాలబార్ నదికిని క్రాస్ నదికిని నడుమనున్న అరణ్యములో ఒకొయాంగ్ ప్రజలు నివసించుచుండిరి. పురుషులు తుపాకి లేనిదే బయటికి రారు. 1888 ఆగస్టు నెలలో, వర్షము కురియుచుండగా, మేరీ తన పెంపుడు బిడ్డలతో క్రీక్ టౌను రాజైన ఏడవ ఎయో ఆనెస్టీ ఇచ్చిన పడవనెక్కి బయలుదేరెను. రేవునుండి చీకటి అడవిలో బురద త్రోవన నడచి, ఒక బిడ్డను మోయుచు, ఏడ్చుచున్న మిగిలినవారిని బుజ్జగించుచు, ఎకెంగె గ్రామమును చేరెను. అచ్చటి నాయకుడైన ఎడెమ్ ఆమెకు స్థలమిచ్చెను.

ఎడెమ్ సహోదరి మా ఎమె అను విధవరాలు మేరీకి ప్రాణస్నేహితురాలాయెను. ఎవరికైన ప్రాణాపాయము కలుగబోవుచున్నదని తెలిసినప్పుడు, ఆమె ఒక సీసానిచ్చి మందు కావలెనని మేరీయొద్దకు మనిషిని పంపును. అది వారిద్దరి నడుమ నున్న రహస్యపు గుర్తు. ఆ సీసా వచ్చినంతనే మేరీ జాగరూకురాలగును.

ఆ దేశములో ఎసెరె అను విషపు గింజతో న్యాయ నిర్ణయము జరుగుచుండెను. నిందితుడు ఆ గింజను నూరి కలిపిన నీటిని త్రాగవలెను. కక్కినవాడు నిరపరాధి, చచ్చినవాడు అపరాధి. (ఆ గింజనుండి తీసిన ఔషధమే తరువాత నేత్ర వైద్యమునకు ఉపకరించెను.) నాయకుల కుటుంబమున మరణము సంభవించినప్పుడు అనేకులకు ఈ పరీక్ష తప్పదు, బానిసలును భార్యలును మృతునితో కూడ పంపబడుదురు.

ఎడెమ్ జ్యేష్ఠ కుమారుడైన ఎటీమ్ పెండ్లికై ఇల్లు కట్టుకొనుచుండగా దూలము మీదపడి, కొద్ది దినములలో మరణించెను. మంత్రగాడు పొరుగు గ్రామముమీద నేరము మోపెను. స్త్రీపురుషులు సంకెళ్లతో తేబడిరి. మేరీ మృతునికి గొప్ప గౌరవము చేయ సమకట్టెను. పట్టు వస్త్రములు తొడిగి, తలపాగాకు ఈకలు అమర్చి, గొడుగు క్రింద కూర్చుండబెట్టి, ఆ వైభవము అతనికి కనబడునట్లు ఎదుట అద్దము నిలిపెను. జనులు ఆశ్చర్యముతో నాట్యమాడిరి. అయినను సారాయి ప్రవహించుచుండెను, సంకెళ్లు విడువలేదు. ఆమె రాత్రింబగళ్లు బందీలయొద్ద కావలియుండి, ఎడెమ్‌తో బ్రతిమాలుచు, వాదించుచు, ఒక్కొక్కరిని విడిపించెను. తుదకు ఆ సమాధిలో ఒక ఆవుమాత్రమే బలియాయెను. ఒకొయాంగ్‌లో నాయక కుటుంబపు సమాధి నరరక్తము లేక పూడ్చబడుట అదియే మొదటిసారి.

ఒంటరితనము, బాధ్యత

ఈ కాలముననే చార్లెస్ మారిసన్ అను మిషను ఉపాధ్యాయునితో ఆమెకు వివాహము నిశ్చయమాయెను. అతడు బలహీన ఆరోగ్యము గలవాడగుటచేత బోర్డు అతనిని ఒకొయాంగ్‌కు పంప నిరాకరించెను. ఆమె ఒకొయాంగ్‌ను విడువజాలదాయెను. ఆ వివాహము జరుగలేదు. ఆమె మొరలు పెట్టక పనికి తిరిగెను.

1892లో బ్రిటిషు ప్రభుత్వము ఆమెను ఒకొయాంగ్‌కు ఉపకాన్సలుగా నియమించెను. చెట్టు క్రింద కూర్చుండి, ఒడిలో శిశువుతో, అల్లిక పని చేయుచు ఆమె తగవులు తీర్చెడిది. విధవలకును బానిసలకును ఆ న్యాయస్థానము ఆశ్రయమాయెను. అయినను పరదేశపు ప్రభుత్వ అధికారమును సువార్తికురాలు ధరించుట తగునా అను ప్రశ్న నేటి చరిత్రకారులు వేయుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆమె కోపిష్ఠి కూడ. మూర్ఖముగా వాదించువాని చెంపమీద కొట్టుటకు వెనుదీయలేదు. అయితే ఆ ప్రజలు ఆమెను అధికారిణిగా గాక, మా, అనగా అమ్మ అనియే పిలిచిరి. సైనికులు చేరకమునుపే, ఆయుధము లేక, ఆమె వారి నడుమ కాపురముండిన సంగతి వారు మరువలేదు.

విత్తుటయు కోయుటయు

పదునైదు సంవత్సరములు గడచిన పిమ్మట, 1903లో ఒకొయాంగ్‌లో మొదటి ప్రభురాత్రి భోజన సంస్కారము జరిగెను. సంఘములో చేరినవారు వ్రేళ్లమీద లెక్కింపదగిన కొద్దిమంది యౌవనస్థులే. రిపోర్టులలో వ్రాయుటకు అది స్వల్ప ఫలము. మా ఎమె సహితము, ఎన్నో ప్రాణములు కాపాడినను, తన పితరుల మతమును విడువకయే మరణించెను. మేరీకి అది తీరని దుఃఖము. కాని అప్పటికి ఒకొయాంగ్‌లో కవలల తల్లులు బ్రదుకుచుండిరి, విషపు గింజ పరీక్ష అరుదాయెను, తుపాకులు మోసినవారు సంతకు కావళ్లు మోయుచుండిరి.

మరియొకరైన యెడల అచ్చట విశ్రమింతురు. ఆమె 1904లో ఇంకను లోతట్టుకు, క్రాస్ నదీ తీరమునగల ఇటూ అను స్థలమునకును, అరో ప్రజల ప్రాంతమునకును కదలెను. ఏబది దాటిన వయస్సులో సైకిలు త్రొక్కుట నేర్చుకొనెను. నడువలేని దినములు వచ్చినప్పుడు చక్రముల కుర్చీలో కూర్చుండి, బాలురు త్రోయుచుండగా గ్రామములు తిరిగెను. ఇటూలో ఆమె పేరున వైద్యశాల వెలసెను. యౌవనస్థులకు చేతిపనులు నేర్పవలెనని ఆమె చేసిన మనవి, కాలబార్‌లో 1895లో ప్రారంభమైన హోప్ వాడెల్ శిక్షణ సంస్థకు తోడ్పడెను.

1915 జనవరి 13వ తేదీన, ఉసే గ్రామమున, మట్టి యింటిలో, జానీయు ఇతర పెంపుడు కుమార్తెలును చుట్టు నిలిచియుండగా ఆమె ప్రభువునందు నిద్రించెను. అప్పటికామెకు 66 ఏండ్లు. ఆమె దేహము కాలబార్‌లో మిషను కొండమీద సమాధి చేయబడెను. 1997లో స్కాట్లండులోని ఒక బ్యాంకు ఆమె చిత్రమును పది పౌండ్ల నోటుపై ముద్రించెను. దినమంతయు మగ్గమునొద్ద నిలిచిన ఆ బాలికకు అంత ధనమును ఒక్కసారి చూచుటయే అరుదు.

ప్రియ చదువరులారా, మన పరిచర్యను మనము తరచుగా లెక్కలతో కొలుచుచున్నాము. ఎందరు బాప్తిస్మము పొందిరి, ఎన్ని మందిరములు లేచెను అని అడుగుచున్నాము. ఆ లెక్కలు వ్యర్థములు కావు. అయితే పదునైదు సంవత్సరముల పట్టికలో కొద్ది పేర్లు మాత్రమే వ్రాయగలిగిన ఈ సహోదరి, ఆ పట్టికకెక్కని ఎందరో శిశువులను కుండలనుండి ఎత్తి పెంచెను. తన స్నేహితురాలు విశ్వసింపకపోయినను ఆమెను ప్రేమించుట మానలేదు. మన వీధిలో, మన సంఘము చెంతనే, ఎవరును ఎత్తుకొనని బిడ్డ ఎవరు? ఫలము కనబడని చోట మనము ఎంతకాలము నిలువగలము? ఈ సంవత్సరము మనలో ప్రతివాడును ప్రభువు సన్నిధిని ఈ ప్రశ్నలను తనకు తాను వేసికొనును గాక.