పరాయి నేలను పుట్టిల్లు చేసుకున్న సోదరి నివేదిత

వీడియోలో సమయం చాలక వదిలేసిన సంగతులు ఇక్కడ చెప్తాను.

నివేదిత గారి అసలు పేరు మార్గరెట్ నోబుల్. 1867లో ఐర్లండ్‌లో పుట్టారు. 1895లో లండన్‌లో వివేకానంద స్వామిని చూశారు. ఇక్కడి ఎండలు, పేదరికం, తెల్లవాళ్లను దూరం పెట్టే ఆచారాలు అన్నీ స్వామీజీ ముందే ఉత్తరంలో రాసి హెచ్చరించారు. అయినా అమ్మనీ, తోబుట్టువులనీ వదిలి ఓడెక్కేశారు. 1898 జనవరి 28న కలకత్తాలో దిగారు.

ఆ రోజుల్లో దొరసానితో కలిసి భోంచేస్తే మైల అనేవారు. శారదా మాత బ్రాహ్మణ వితంతువు, ఆచారం పాటించే ఇల్లాలు. అలాంటి అమ్మ మార్చి 17న ఆమెను కూతురిలా దగ్గరకు తీసి, కలిసి తిన్నారు. నివేదిత మన దేశంలో నిజంగా అడుగుపెట్టింది ఆ రోజే అని నాకనిపిస్తుంది.

మార్చి 25న దీక్ష, నివేదిత అన్న పేరు వచ్చాయి. నవంబరు 13న, కాళీపూజ నాడు, బాగ్‌బజార్‌లో ఆడపిల్లల బడి అమ్మ చేతుల మీదుగా మొదలైంది. పిల్లల్ని పంపమని గడపగడపకీ తిరిగారు. 1899లో ప్లేగు వస్తే ఆవిడే చీపురు పట్టి వీధి ఊడ్చారు. అది చూసి సిగ్గుపడి కుర్రాళ్లూ కదిలారు.

1911 అక్టోబరు 13న, 43 ఏళ్లకే, డార్జిలింగ్‌లో కన్నుమూశారు. మన పద్ధతిలోనే దహన సంస్కారం జరిగింది.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకి ఈ కథ చెప్పండి. ఉన్న ఊరికి సేవ చేస్తే ఆ ఊరు మనదవుతుంది.

జై శారదా మాత!