తుపాకీ నుంచి వల దాకా: సలీం అలీ

ఫోటోల్లో సలీం అలీ ఎప్పుడూ ఒకేలా ఉంటారు. బక్కపలచటి మనిషి, తెల్లటి పొట్టి గడ్డం, మెడలో బైనాక్యులర్స్. ఆయన చేతులు మారిన పనిముట్లు మాత్రం ఇంకో రెండున్నాయి. మొదటిది తుపాకీ, రెండోది వల.

1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్ళకి తల్లి పోయారు. పెంచిన మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ మంచి వేటగాడు. పిల్లవాడి చేతికి ఎయిర్ గన్ వచ్చింది. దాంతో కొట్టిన ఓ పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఇదేం పిచ్చుకో తెలుసుకుందామని మేనమామ సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకెళితే, కార్యదర్శి మిల్లార్డ్ పేరు చెప్పి ఊరుకోక, అక్కడ దాచిన పిట్టలన్నీ చూపించాడు. ఆ కుర్రాడి బతుకు అక్కడ మలుపు తిరిగింది.

బర్మాలో కుటుంబ వ్యాపారం కలిసి రాలేదు. బొంబాయి మ్యూజియంలో గైడ్ ఉద్యోగం దొరికింది. సెలవు పెట్టి బెర్లిన్ వెళ్ళి స్ట్రెసెమాన్ దగ్గర పక్షిశాస్త్రం నేర్చుకున్నారు. ఉత్తర సముద్రంలోని హెలిగోలాండ్ దీవిలో పక్షుల కాళ్ళకి రింగులు తొడగడం చూసిందీ, చేసిందీ అప్పుడే. 1930లో తిరిగొస్తే ఉద్యోగమే ఎత్తేశారు! (లేఆఫ్ అన్నది మన తరంతోనే మొదలు కాలేదన్నమాట.) భార్య తెహ్మినాతో కిహీం అనే సముద్రపు ఒడ్డు పల్లెకి మారి, ఖాళీగా కూర్చోకుండా గిజిగాళ్ళని గమనించారు. మగపిట్ట గూడు సగం అల్లి ఆపుతుందనీ, ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతాది పూర్తి చేస్తుందనీ, ఆ తర్వాత ఇంకో గూడు, ఇంకో సంసారం మొదలెడుతుందనీ లోకానికి వివరంగా చెప్పింది ఆ నిరుద్యోగే.

1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. జీతం వద్దు, ఖర్చులు ఇస్తే చాలన్నారు. డేరాలు, ఎడ్లబళ్ళు, తెహ్మినా తోడు. అయితే సర్వే అంటే ఆ రోజుల్లో కాల్చడమే. పొద్దున కొట్టిన పిట్టని చర్మం ఒలిచి, దూది కుక్కి, చీటీ కట్టాలి. దీనికాయన ఎన్నడూ సంజాయిషీ చెప్పుకోలేదు. నమూనా లేకపోతే శాస్త్రం లేదన్నదే చివరిదాకా ఆయన వాదన. 1939లో తెహ్మినా పోయారు. 1941లో వచ్చిన ఆయన భారతీయ పక్షుల పుస్తకం తరాల పాఠకులకి పిట్టల్ని పరిచయం చేసింది.

వల కథ మొదలైంది ఓ జబ్బుతో. 1957లో మైసూరు రాష్ట్రంలోని క్యాసనూర్ అడవిలో కోతులు రాలిపోయాయి, మనుషులకీ జ్వరం సోకింది. ఆ వైరస్ రష్యాలో గోమార్ల వల్ల వచ్చే ఒక జబ్బు వైరస్‌కి దగ్గర చుట్టం. చలికాలపు వలసపక్షులు ఆ గోమార్లని మోసుకొచ్చాయా అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుమానం. సలీం అలీకి కావలసింది ఇదే. డబ్బు వాళ్ళది, ఎన్నాళ్ళ నుంచో చేయాలనుకున్న వలస అధ్యయనం ఈయనది. అరవై దాటిన వయసులో భరత్‌పూర్‌లో క్యాంపు వేశారు. 1938లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పిట్టల్ని కాల్చిన చిత్తడినేల అది!

ఇలాంటి క్యాంపులో తెల్లవారకముందే పని మొదలవుతుంది. రెండు గెడల మధ్య కట్టే మిస్ట్ నెట్ దారం ఎంత సన్నమంటే, నీడలో కంటికి ఆనదు. ఎగిరొచ్చిన పిట్ట దానికి తగిలి, వదులుగా వేలాడే సంచిలాంటి మడతలోకి జారిపోతుంది. ఎక్కువసేపు వదిలితే చిక్కుపడి చచ్చిపోతుంది గనక మాటిమాటికీ వెళ్ళి చూడాలి. ముందు కాళ్ళు, తర్వాత రెక్కలు, తల ఓపిగ్గా విడిపించి గుడ్డసంచిలో వేస్తారు. సంచితోనే తూకం. చూపుడువేలు, మధ్యవేలు మధ్య మెడ ఉండేలా పట్టుకుని రెక్క కొలుస్తారు, ఈకల్లో గోమార్లు ఏరతారు. కాలికి సరిపడే అల్యూమినియం రింగు మీద నంబరుతో పాటు, దొరికితే బొంబాయి సొసైటీకి తెలపమన్న వినతి ఉంటుంది. చెయ్యి తెరిస్తే తుర్రుమంటుంది. ఎండెక్కగానే వలలు చుట్టేస్తారు.

బాతుల్లాంటి వాటిని పట్టడానికి బీహార్ మీర్‌షికార్లని పిలిపించారు. తరతరాలుగా పిట్టల్ని పట్టి అమ్ముకుని బతికిన కులం వాళ్ళది. డిగ్రీలున్న వాళ్ళకి చేతగానిది వాళ్ళకి చేతనవును. రింగు వేసిన వాటిలో మళ్ళీ కబురు తెలిసేవి ఎప్పుడూ కొద్దే. అయినా భరత్‌పూర్ బాతుల రింగులు సోవియట్ దేశం నుంచి తిరిగొచ్చాయి.

ఆ జబ్బుని పక్షులే తెచ్చాయని మాత్రం రుజువు కాలేదు. ఆపైన అమెరికా సైన్యం నిధులు కూడా ఈ పనిలోకి వచ్చాయని, ఇది క్రిమియుద్ధపు పరిశోధనేనని 1970లలో పత్రికల్లో, పార్లమెంటులో దుమారం రేగింది. కలిసి పుస్తకాలు రాసిన రిప్లీ ప్రపంచయుద్ధంలో అమెరికా గూఢచారి శాఖలో పనిచేసినవాడు కావడం అనుమానాన్ని పెంచింది. పక్షుల కోసం ఆయన ఎవరి డబ్బైనా తీసుకునేవారు. అది ఎవరిదో, ఎందుకిస్తున్నారో ఇంకాస్త గట్టిగా అడిగి ఉండాల్సిందని నాకనిపిస్తుంది.

1900 తర్వాత ఎవరికీ కనపడని కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర దొరికింది. వెతికింది ఆయన సొసైటీ వాళ్ళే, రాత్రిపూట టార్చిలైటు వేసి పట్టింది మాత్రం ఆ ఊరి పక్కన పిట్టలు పట్టే మనిషి. ఆ పిట్ట ఎక్కువకాలం బతకలేదు. కానీ దాని జాతి కోసం లంకమల అడవిని అభయారణ్యం చేశారు. తర్వాతి ఏడు, 1987 జూన్ 20న, తొంభై నిండిన సలీం అలీ బొంబాయిలో కన్నుమూశారు.