ఇమాం గజాలీ (రహ్మతుల్లాహి అలైహ్): మనిషి కోరేదేమిటి?

మనిషికి జీవితంలో ఏం కావాలి? ఉండటానికి ఇల్లు, అబ్బాయికి ఉద్యోగం, అమ్మాయికి మంచి సంబంధం, నలుగురిలో పేరు. మనలో ఎవర్ని అడిగినా చెప్పే జవాబు ఇదే. ఇవి కోరుకోవడం తప్పుకాదు. కాని అన్నీ అందిన తరువాత కూడా మనసుకు నెమ్మది లేకపోతే? ఈ ప్రశ్న 900 సంవత్సరాలకు పూర్వమే ఒక మహనీయుణ్ణి నిలదీసింది. వారే హజ్రత్ ఇమాం గజాలీ.

వారు 1058లో ఇరాన్ దేశంలోని తూస్‌లో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి గతించారు. బీదతనంలోనూ చదువు విడువలేదు. నైషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ గారి శిష్యులయ్యారు. 1091లో వజీరు నిజాముల్ ముల్క్ వారిని బాగ్దాద్ నిజామియా మదరసాలో ఆచార్యులుగా నియమించారు. అప్పటికి వారి వయస్సు 33 ఏళ్ళు. వారి పాఠాలకు 300 మంది విద్యార్థులు వచ్చేవారు. హోదా, ధనం, దర్బారులో గౌరవం, దేనికీ కొదవలేదు.

అటువంటి సమయంలో వారు తమ మనసునే లెక్క అడిగారు. ఈ బోధన అల్లాహ్ కోసమా, పేరు కోసమా? పేరు కోసమేనని తేలింది. వదులుకుందామంటే మనసు రాదు, ఉందామంటే శాంతి లేదు. 1095లో సుమారు ఆరు నెలలు ఇలా నలిగిపోయారు. చివరకు నోట మాట పెగల్లేదు, ఆహారం సయించలేదు. ఇది మనోవ్యాధి, దీనికి మందు లేదని వైద్యులు చేతులెత్తేశారు.

అప్పుడు పిల్లల పోషణకు సరిపడా ఉంచి, మిగిలిన ధనం పంచిపెట్టి బాగ్దాద్ విడిచారు. డమాస్కస్ మసీదు మినారులో తలుపు వేసుకుని ధ్యానం చేశారు. జెరూసలేం దర్శించారు, హజ్ చేశారు. రాజుల సొమ్ము ముట్టనని హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) సమాధి వద్ద ప్రమాణం చేశారు. ఆ తరువాత లోకానికి దక్కినదే 40 భాగాల ‘ఇహ్యా ఉలూమిద్దీన్’. అందులో నమాజు, జకాతులే కాదు, భోజనం, వివాహం, సంపాదన గురించీ ఉంది. ప్రదర్శనా బుద్ధి ఎంత చేటో కూడా ఉంది.

వారు లోకాన్ని శాశ్వతంగా వదలలేదు. 1106లో నైషాపూర్‌లో మళ్ళీ పాఠాలు చెప్పారు. పని పాతదే, నియ్యత్ మారింది. 1111లో తూస్‌లోనే పరమపదించారు.

సోదర సోదరీమణులారా! మనం చందా ఇస్తాం, పేదపిల్లకు పెళ్ళి చేయిస్తాం, విద్యార్థికి ఫీజు కడతాం. రసీదు మీద పేరు ఉంటే మంచిదే, లెక్క సరిపోతుంది. కాని ఆ పేరే మన కోరిక అయితే, ఇచ్చినదానిలో మనకు మిగిలేదేమిటి? ఇచ్చే ముందు ఒక్క నిమిషం మనల్ని మనం అడుగుదాం. అల్లాహ్ మనందరికీ మంచి నియ్యత్ ప్రసాదించుగాక! ఆమీన్.