సామర్లకోట వైద్యుడు, సెయింట్ హెలీనా చెట్లు

సామర్లకోట అనగానే మనకు రైలు కూడలి స్ఫురిస్తుంది. కాని రెండు శతాబ్దాలకు పూర్వం వృక్షశాస్త్రజ్ఞులకు అది పరిచితమైన పేరు. అందుకు కారకులు డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్. 1751లో స్కాట్లాండులో జన్మించి, ఎడింబరోలో వైద్యమభ్యసించి, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యులుగా మద్రాసు చేరారు. 1781 నుండి సామర్లకోటలో మిరియాలు, కాఫీ, నీలిమందు మొక్కలను పెంచి పరీక్షించారు. కంపెనీ ఆశించినది లాభమే. ఆయన దృష్టి అంతకు మించినదని మేము భావిస్తున్నాము. ఇక్కడి చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వేయించి, వర్ణనలలో తెలుగు పేర్లను సైతం నమోదు చేశారు. ఆ చిత్రకారుల పేర్లు మనకు దక్కకపోవడం విచారకరం.

1787 నాటి ఉప్పెనలో ఆయన గ్రంథాలు, సేకరణలు కొట్టుకుపోయాయి. మళ్లీ మొదటినుండి ప్రారంభించారు. 1793లో కలకత్తా ఉద్యానవనానికి అధిపతి అయ్యారు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన రచించిన మూడు సంపుటాల గ్రంథంలో 300 చిత్రాలున్నాయి.

1813లో ఆరోగ్యం క్షీణించి భారతదేశాన్ని విడిచారు. దారిలో అట్లాంటిక్ నడుమ ఉన్న సెయింట్ హెలీనాలో ఆగారు. ఆ ద్వీపం వైశాల్యం సుమారు 122 చదరపు కిలోమీటర్లు మాత్రమే. పోర్చుగీసువారు 1502లో కనుగొన్నప్పుడు అక్కడ మనుషులు లేరు, మేకలూ లేవు. తరువాత వదిలిన మేకలు మొలకలను మేసివేయగా, పెద్ద చెట్లను మనుషులు వంటచెరకుకు, సున్నపుబట్టీలకు, తోళ్లు ఊనడానికి కావలసిన బెరడుకు నరికివేశారు. మరెక్కడా లేని వృక్షజాతులు ఆ విధంగా నశిస్తుండగా రాక్స్‌బర్గ్ అక్కడి మొక్కల పట్టిక తయారు చేశారు. విశ్రాంతి తీసుకోవలసిన రోగి చేసిన పని అది! 1815లో ఎడింబరోలో ఆయన మరణించిన తరువాత, 1816లో గవర్నర్ బీట్సన్ గ్రంథంలో ఆ పట్టిక వెలువడింది.

ఆయన శాస్త్రీయనామం పెట్టిన వాటిలో ద్వీపపు ఆలివ్ ఒకటి. పేరుకు ఆలివ్ అయినా, అది మన రేగు కుటుంబానికి చెందినది. అంతరించిందనుకున్న ఆ జాతి చెట్టు ఒక్కటి 1977లో కనిపించింది. తన పుప్పొడితో తాను దాదాపు కాయలేని స్వభావం దానిది. పైగా బూజు తెగులు సోకింది. 1994లో ఆ చెట్టు, 2003లో దాని చివరి సంతానం చనిపోయాయి.

ద్వీపపు ఎబొనీకి మాత్రం ఆ గతి పట్టలేదు. 1980లో జార్జ్ బెంజమిన్ అనే ద్వీపవాసి, తోటి శాస్త్రజ్ఞునితో కలిసి, నిట్టనిలువు కొండచరియపై రెండు పొదలను కనుగొన్నారు. వాటి కొమ్మలను తెచ్చి నాటగా అవి వేరు పట్టాయి. తరువాత వేలాది మొక్కలయ్యాయి.