అంకెల నిజాయితీ కోసం ఒక జీవితం – ఛార్లెస్ బాబేజ్

కంప్యూటరు పితామహుడెవరని అడిగితే ఛార్లెస్ బాబేజ్ అని మనలో ప్రతి ఒక్కరం టక్కున చెప్పేస్తాం. క్విజ్ పోటీలో ఒక మార్కు వస్తుంది. అంతటితో ఆయన సంగతి మరిచిపోతాం. నేనూ అట్లనే మరిచిపోయినవాణ్ణే. ఒక వేసవి సెలవుల్లో గోదావరిఖని దగ్గర ఒక బొగ్గు డిపో కాంటా మీద పనికి కుదరకపోయి ఉంటే, ఆయన జీవితం చదవాలన్న కోరికే నాకు పుట్టేది కాదు. కాంటా మీద ఏం జరిగిందో చివర చెబుతాను. ముందు ఆ మహనీయుని కథ.

బాబేజ్ 1791 డిసెంబరు 26న లండనులో జన్మించాడు. తండ్రి బ్యాంకరు కనుక ఇంట్లో డబ్బుకు లోటు లేదు. 1810లో కేంబ్రిడ్జిలో చేరాడు. అక్కడ గణితం చెప్పే తీరు పాతబడిపోయిందని గ్రహించి, 1812లో హెర్షెల్, పీకాక్ మొదలైన మిత్రులతో కలిసి ఒక సంఘం పెట్టాడు. ఐరోపా ఖండంలో వాడుకలో ఉన్న కొత్త పద్ధతులు తమ దేశానికి రావాలన్నదే దాని ఆశయం. అంటే ఆయన మొదటి పోరాటం విద్యార్థి దశలోనే, విద్యార్థుల సంఘం పెట్టే మొదలైందన్నమాట!

ఆ రోజుల్లో కంప్యూటరు అంటే యంత్రం కాదు, లెక్కలు కట్టే మనిషి. ఓడ నడిపేవాడు, వంతెన కట్టేవాడు, బీమా కంపెనీవాడు – అందరూ అచ్చయిన గణిత పట్టికల మీదే ఆధారపడేవారు. 1821లో బాబేజ్, హెర్షెల్ కలిసి ఖగోళ పట్టికలను సరిచూడడానికి కూర్చున్నారు. ఇద్దరు మనుషులు విడివిడిగా కట్టిన లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తుంటే తప్పు మీద తప్పు బయటపడింది. విసిగిపోయిన బాబేజ్‌కు, ఈ లెక్కలు ఆవిరి యంత్రమే చేస్తే ఎంత బాగుండునన్న ఆలోచన వచ్చింది. తప్పు లెక్క కట్టేటప్పుడే కాదు, ఎత్తి రాసేటప్పుడూ దొర్లుతుంది, అచ్చుకు అక్షరాలు కూర్చేటప్పుడూ దొర్లుతుంది. కాబట్టి యంత్రం లెక్క కట్టడమే గాక ఫలితాన్ని తానే అచ్చుకు సిద్ధం చేయాలని ఆయన పట్టుబట్టాడు. ఆ ఒక్క పట్టుదలలోనే ఆయన ఎంత దూరం ఆలోచించాడో తెలుస్తుంది.

1822లో చిన్న నమూనా చేసి చూపించాడు. 1823లో ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది. జోసెఫ్ క్లెమెంట్ అనే నిపుణుడు భాగాలు తయారు చేయసాగాడు. ఇంతలో 1827 ఆయన పాలిట పిడుగై వచ్చింది. ఆ ఒక్క ఏడాదిలోనే తండ్రి పోయాడు, భార్య జార్జియానా పోయింది, కన్నబిడ్డలూ పోయారు. మనసు చెదిరి కొన్నాళ్ళు ఐరోపా దేశాలు తిరిగాడు. ఆ తిరుగుడులోనూ కర్మాగారాలు, పనిముట్లు చూడడం మానలేదు. 1828లో, ఒకప్పుడు న్యూటన్ అలంకరించిన కేంబ్రిడ్జి ఆచార్య పీఠం ఆయనను వరించింది.

1830లో రాసిన ఒక గ్రంథంలో శాస్త్రజ్ఞులు చేసే అంకెల మోసాలను ఆయన నాలుగు రకాలుగా విడదీశాడు. నలుగురినీ ఆటపట్టించడానికి పుట్టించిన అబద్ధం ఒకటి. చూడనిదాన్ని చూశామని కల్పించడం రెండోది. ఎక్కువున్నచోట కోసి తక్కువున్నచోట అతికించి సాపు చేయడం మూడోది. ఎన్నో కొలతలు తీసి, నచ్చినవి ఉంచుకొని మిగతావి పారేయడం నాలుగోది. ప్రాక్టికల్ రికార్డులు రాసే మనం గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పుకోవాలి, ఇందులో మనం ఏ రకమో!

1832లో యంత్రాల మీద, వస్తూత్పత్తి మీద ఆయన మరో గ్రంథం వెలువరించాడు. పని జరిగేచోట లెక్క ఎట్లా సేకరించాలో అందులో వివరించాడు. గడియారం చేతబట్టి కార్మికుని ఎదుట నిలబడితే అతడు తప్పకుండా వేగం పెంచుతాడనీ, కనుక అతనికి తెలియకుండా లెక్కించాలనీ హెచ్చరించాడు. సరుకు మంచిదో కాదో సరిచూసుకోవడానికి కొనేవానికయ్యే ఖర్చు కూడా ధరలో భాగమేనన్నాడు. కార్న్‌వాల్ గనుల్లో తీసిన ఖనిజం విలువను బట్టి కార్మికునికి వాటా ముట్టే పద్ధతిని మెచ్చుకున్నాడు. దసరా ముందు లాభాల వాటా కోసం ఎదురుచూసే మా బొగ్గుబాయిల దిక్కు ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కర లేదు.

బొగ్గు సంగతే చూడండి. ఒక కిలో బొగ్గు ఎంత వేడినిస్తుందో దాన్ని బట్టే గ్రేడు. 300 కిలో కేలరీలకు ఒక గ్రేడు మారుతుంది, గ్రేడుతో ధర మారుతుంది. రైలు నిండా వేల టన్నులు పోతాయి. కానీ ప్రయోగశాలలో చివరికి మండించేది గ్రాము పాటి పొడిని! ఆ గ్రాము సరిగ్గా తీయకపోతే, ఎంత గొప్ప కంప్యూటరైనా ఆ రైలు విలువను తప్పుగానే కడుతుంది. బాబేజ్ చెప్పిన సరిచూడడమంటే ఇదే.

ఆయన యంత్రం మాత్రం పూర్తి కాలేదు. 1833లో క్లెమెంట్‌తో తగవు వచ్చి పని ఆగిపోయింది. 1834 నుంచి అంతకన్నా గొప్ప యంత్రం ఒకటి ఆయన మనసులో మెదిలింది. అంకెలు దాచుకునే కొట్టం ఒకటి, లెక్క ఆడించే మర ఒకటి, పట్టు మగ్గాల నుంచి తీసుకున్న చిల్లుల అట్టలు – నేటి కంప్యూటరు నిర్మాణం అక్కడే ఉంది. 1843లో ఏడా లవ్‌లేస్ అనే విదుషీమణి దాన్ని లోకానికి వివరించింది. కానీ అప్పటికే, 1842లో, సుమారు 17,000 పౌండ్లు ఖర్చు పెట్టిన ప్రభుత్వం మొదటి యంత్రం నుంచి చేతులు దులుపుకున్నది.

తప్పు అంకెలు వేస్తే మీ యంత్రం ఒప్పు జవాబు చెబుతుందా అని పార్లమెంటు సభ్యులు ఆయనను రెండు సందర్భాల్లో అడిగారట. ఆ ప్రశ్న ఏ తికమకలోంచి పుట్టిందో తనకు అంతు చిక్కలేదని 1864లో తన ఆత్మకథలో రాసుకున్నాడు. 1871 అక్టోబరు 18న ఆయన కన్ను మూశాడు. అదే 1871లో డాక్టర్ కింగ్ మన ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనుగొన్నాడు. బాబేజ్ గీసిన రెండో యంత్రం నమూనాను లండను సైన్స్ మ్యూజియంవారు 1991లో నిర్మించి చూశారు. ఆయన గీసినట్టే అది తప్పు లేకుండా లెక్క కట్టింది!

ఇక నా కాంటా సంగతి. ఆ రోజు కాంటా నుంచి కంప్యూటరుకు వచ్చే వైరు చెడిపోయింది. తూకం చూసి చేత్తో కొడుతున్నాను. ఒక లారీ తూకం 26,480 కిలోలు. నేను కొట్టింది 24,680. ఖాళీ బండి బరువు 9,950 తీసేసి, 14,730 అని యంత్రం శుభ్రంగా అచ్చు వేసి ఇచ్చింది. లోడింగు చిట్టీలో మాత్రం 16,530 ఉంది. 1,800 కిలోలు దారిలో అమ్ముకున్నాడని డ్రైవరన్నను దొంగను చేశారు. జీతంలోంచి కోత పెట్టారు. ఆయన ఎంత మొత్తుకున్నా, కంప్యూటరు చీటీ ముందు మనిషి మాట నిలవలేదు.

పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా 9తో శేషం లేకుండా భాగమవుతుందని నాకు తెలుసు. ఆ రాత్రి 1,800ను 9తో భాగించాను. 200 వచ్చింది. తప్పు నాదేనని అర్థమైంది. కానీ పని పోతుందన్న భయంతో రెండు రోజులు నోరు విప్పలేదు. మూడో రోజు సేటుకు చెప్పాను. కోత పెట్టిన డబ్బు ఆయన తిరిగి ఇచ్చాడు. డ్రైవరన్న అప్పటికే పని మానేసి వెళ్ళిపోయాడు. డబ్బు ఆయన బావమరిది చేతికిచ్చి వచ్చాను. నలుగురి ముందు పడ్డ దొంగ అన్న మాటను మాత్రం నేను వెనక్కి తీసుకురాలేకపోయాను.

బాబేజ్ యంత్రం కట్టబూనింది లెక్క తొందరగా తేలాలని మాత్రమే కాదు, తప్పు అంకె వల్ల ఎక్కడో ఎవరో మునిగిపోకూడదని. రేపు ఆఫీసుల్లో, బాయిల మీద, కర్మాగారాల్లో మీట నొక్కేది మనమే. మిత్రులారా, నొక్కే ముందు ఇంకొక్కసారి చూసుకుందాం.